అర్పా లోయలో మట్టి గోలెం

కరాస్ మూత తీసే ముందు ఆ ముసలమ్మ చేతులు కడుక్కుంది. చీపురు తీసుకుని చుట్టూ నేల ఊడ్చింది. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, రాతి పలక అంచుల చుట్టూ మెత్తిన ఎండుమట్టిని చిన్న కత్తితో గీరడం మొదలుపెట్టింది. పెళ్లలుగా ఊడుతున్న మట్టిని ఒక్కొక్కటే ఏరి పక్కనున్న బేసిన్‌లో వేసింది. ఒక్క పలుకు కూడా లోపల పడకూడదు. మనవడు వచ్చి పలకను పక్కకు జరిపాడు. నేలకు సమంగా నల్లటి గుండ్రటి నోరు కనిపించింది. అందులోంచి చల్లటి వాసన ఒకటి పైకి లేచింది. తడిమట్టి, నేరేడుపండు, ఎప్పుడో ఆరిపోయిన కట్టెపొయ్యి మూడూ కలిసినట్టున్న వాసన.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవకాయ జాడీకి కట్టిన వాసెన విప్పేటప్పుడు ఆవిడా ఇంతే. చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, జాడీ ముందు పీట వేసుకుని కూర్చునేది. అంతసేపూ పిల్లలెవ్వరం నోరెత్తకూడదు.

ఈ ఊరి పేరు అరేని. ఆర్మేనియా దక్షిణాన వయోత్స్ జోర్ అనే కొండసీమలో, అర్పా నది ఒడ్డున, సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి నల్ల ద్రాక్షదీ ఇదే పేరు, ఆ ద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌దీ ఇదే పేరు. నేను బయలుదేరింది ఆ వైన్ కోసం. తిరిగి వచ్చాక నా కళ్లలో నిలిచింది మాత్రం దాన్ని దాచే మట్టిపాత్ర, కరాస్.

ఉప్పుగూడ రాళ్లు

ఆర్మేనియా అక్షరాలను నేను మొదట చూసింది హైదరాబాదులోనే. పాతబస్తీ దక్షిణాన ఉప్పుగూడలో ఒక పాత ఆర్మేనియన్ శ్మశానం ఉంది. 17, 18వ శతాబ్దాల నాటి సమాధి రాళ్లు, వాటి మీద కొక్కేలు వరసగా తగిలించినట్టుండే లిపి. గోల్కొండ వజ్రాల కోసం, మచిలీపట్నం రేవులో దొరికే అద్దకపు బట్టల కోసం వచ్చిన వర్తకుల జాతి ఆర్మేనియన్లది. మద్రాసులోనూ స్థిరపడ్డారు. ఆర్మేనియన్ భాషలో ప్రపంచంలోనే మొట్టమొదటి పత్రిక ‘అజ్దరార్’ అచ్చయింది మద్రాసులోనే, 1794లో.

ఆ వర్తకుల్లో చాలామంది ఇరాన్‌లోని ఇస్ఫహాన్ పక్కన ఉన్న న్యూ జుల్ఫా నుంచి వచ్చారు. అది వాళ్ల సొంతూరు కాదు. అరాస్ నది ఒడ్డున ఉన్న పాత జుల్ఫా నుంచి వాళ్ల పెద్దలను 1604-05లో షా అబ్బాస్ బలవంతంగా తరలించాడు. మ్యాపు ముందేసుకుని చూస్తే ఆ పాత జుల్ఫా వయోత్స్ జోర్ కొండలకు అవతలి పక్కనే కనిపిస్తుంది. అరేని ముందు పారే అర్పా, దిగువన అరాస్‌లో కలిసి ఆ ఊరి పక్కనుంచే పోతుంది. ఉప్పుగూడలో నిద్రపోతున్నవాళ్ల ముత్తాతలు తాగిన నీళ్లివి అనుకున్నాక ఇక్కడికి రాకుండా ఉండలేకపోయాను.

వెళ్లడానికి మరో దారీ దొరికింది. మా అన్నయ్య కూతురు యెరెవాన్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. మన దేశం నుంచి అక్కడికి వైద్యం చదవడానికి వెళ్లే పిల్లలు చాలామందే ఉన్నారు. “బాబాయ్, వచ్చేదేదో అక్టోబరు మొదటి వారంలో రండి. అరేనిలో ద్రాక్ష కోతలు ఉంటాయి” అంది ఫోనులో. వార్డుల్లో రోగులతో మాట్లాడాలి కాబట్టి నాలుగేళ్లలో ఆ భాష బాగానే పట్టుబడింది దానికి. ఈ ప్రయాణంలో నా నోరూ చెవులూ ఆ పిల్లే.

యెరెవాన్ నుంచి అరేనికి 110 కిలోమీటర్ల పైచిలుకు. ఇరాన్ వైపు పోయే ప్రధాన రహదారి అది. మొదటి గంట అంతా అరారత్ మైదానం. కుడివైపు 5,137 మీటర్ల ఎత్తున తెల్లటి తలతో అరారత్ పర్వతం కారుతో పాటే వస్తుంది. అది ఇప్పుడు టర్కీలో ఉంది. ఆర్మేనియన్ల గోడల మీద, సీసాల మీద, పాటల్లో ఉన్న కొండ సరిహద్దుకు అవతల ఉంది. జలప్రళయం తర్వాత నోవహు ఓడ దిగి, నేలను దున్ని ద్రాక్షతోట వేశాడని బైబిల్ ఆదికాండం చెబుతుంది. ఓడ ఆగింది అరారతు కొండల మీద అంటుంది కాబట్టి, ఆ మొదటి తోట తమదేనని ఇక్కడివాళ్ల నమ్మకం. 301లో క్రైస్తవాన్ని రాజ్యమతంగా స్వీకరించిన జాతి ఇది. ద్రాక్ష అంటే వాళ్లకు పంటే కాదు, దేవుడి దగ్గరికి తీసుకెళ్లే ప్రసాదం. ఆగస్టు 15కు దగ్గరి ఆదివారం చర్చిలో ద్రాక్షగుత్తులను ఆశీర్వదిస్తారు. అప్పటిదాకా కొత్త ద్రాక్ష నోట వేసుకోని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఉగాది పచ్చడి దాకా కొత్త మామిడికాయ ముట్టని మా ఇల్లు గుర్తొచ్చింది.

యెరాస్ఖ్ దగ్గర రోడ్డు ఎడమకు తిరిగి కొండెక్కుతుంది. పచ్చదనం వెనకబడి, ఎండిన గడ్డి రంగు కొండలు మొదలవుతాయి. కనుమ దాటి దిగుతుంటే ఒక్కసారిగా లోయ, లోయ అడుగున సన్నటి పచ్చటి చార. అది అర్పా. ఆ చారకు రెండు పక్కలా ద్రాక్షతోటలు. రోడ్డు వారన బల్లల మీద పాత కూల్‌డ్రింకు సీసాల నిండా ముదురెరుపు ద్రవం పెట్టి అమ్ముతున్నారు. ఇంట్లో చేసిన వైన్. ఆ సీసాల్లో ఎందుకని అడిగితే, ఇరాన్ లారీ డ్రైవర్లు కొనుక్కుపోతారనీ, ఆ సీసాలో ఉంటే సరిహద్దు దగ్గర ఎవరూ పట్టించుకోరనీ చెప్పారు. ఆ బల్లల పక్కనే దారాలకు వేలాడుతున్న గోధుమరంగు దండలు. అక్రోటు పప్పులను దారానికి గుచ్చి, మరిగించి చిక్కబెట్టిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టిన మిఠాయి అది. సుజుఖ్ అంటారు. మన తాటితాండ్రలా సాగుతుంది.

గుహలో తొట్టి

మేము దిగిన ఇల్లు ఊళ్లోనే. ముసలమ్మ, కొడుకు, కోడలు, పదకొండేళ్ల మనవడు. మా అమ్మాయి ఆవిణ్ణి “తాతిక్” అని పిలిచింది. తాతిక్ అంటే వాళ్ల భాషలో నాయనమ్మ. మనకు తాత మగమనిషి, వీళ్లకు ఆడమనిషి. మర్నాడు పొద్దున్నే కరాస్ మూత తీశారని మొదట్లో చెప్పానే, అది ఇంటి కింద నేలమాళిగలో. మారాన్ అంటారు. కొత్త రసం పొయ్యాలంటే పోయినేటి వైన్ మిగిలిన ఆ కరాస్ ఖాళీ కావాలి. గొట్టం వేసి వైన్‌ను పెద్ద గాజు సీసాల్లోకి తోడారు. “ఇది సాయంత్రం దాకా గాలి పోసుకోవాలి. మీరు గుహ చూసి రండి” అంది తాతిక్.

ఆ గుహ ఊరికి కూతవేటు దూరంలోనే ఉంది. అర్పాలో గ్నిషిక్ వాగు కలిసేచోట, ఎర్రటి కొండగోడలో. ఊళ్లోవాళ్లు దాన్ని పక్షుల గుహ అంటారు. పురావస్తు శాస్త్రవేత్తలకు అది అరేని-1. 2007లో తవ్వకాలు మొదలయ్యాయి. 2008లో ఒక గుంటలో గడ్డి కుక్కిన తోలు చెప్పు దొరికింది. ఒకే ఆవుతోలు ముక్కను మడిచి, ముందూ వెనకా తోలు తాడుతో బిగించిన బూటు. దాని వయసు సుమారు 5,500 ఏళ్లు. ఇప్పటిదాకా దొరికినవాటిలో అత్యంత పాత తోలుబూటు ఇదే. యెరెవాన్ చరిత్ర మ్యూజియంలో ముందురోజే చూశాను. మడమ దగ్గర అరిగిన గుర్తు, బొటనవేలు తోసిన ఉబ్బు కూడా కనిపిస్తాయి.

వైన్ సంగతి 2011 జనవరిలో లోకానికి తెలిసింది. మెట్లెక్కి లోపలికి వెళ్తే దీపాల వెలుగులో నేల మీద ఒక లోతులేని మట్టి తొట్టి కనిపిస్తుంది. మీటరు పొడవు ఉంటుంది. ఒక పక్కకు వాలుగా చేశారు. వాలు చివర నేలలో పాతిన లోతైన మట్టిపాత్ర. యాభై లీటర్లకు పైగా పడుతుంది. తొట్టిలో గుత్తులు పోసి కాళ్లతో తొక్కితే రసం వాలు వెంట జారి పాత్రలో పడుతుంది. అక్కడే పులుస్తుంది. చుట్టుపక్కల ఎండిన ద్రాక్ష గింజలు, తొక్కలు, తొడిమలు, తీగ ముక్కలు దొరికాయి. పెంకుల్లో మాల్విడిన్ అనే పదార్థం ఆనవాలు దొరికింది. ఎర్ర వైన్‌కు ఆ రంగునిచ్చేది అదే. ఈ ప్రాంతంలో దానిమ్మలోనూ అది ఉంటుంది, కాని గుహలో దానిమ్మ జాడ ఎక్కడా లేదు. అలా లెక్క తేలింది. క్రీస్తుపూర్వం సుమారు 4100 నాటిది. వైన్ ఆనవాళ్లలో ఇంకా పాతవి పక్కనున్న జార్జియాలో దొరికాయి, అవి 8,000 ఏళ్ల నాటివి. తొక్కే తొట్టి, పులిసే పాత్ర, తాగే గిన్నె అన్నీ ఒకేచోట ఉన్న వైన్ శాల మాత్రం ఇంతకంటే పాతది ఇంతవరకూ దొరకలేదు.

ఇన్నేళ్లు అవి చెడకుండా ఎలా ఉన్నాయి? గుహలో గాలి పొడిగా, చలి ఎండల మార్పు తక్కువగా ఉండటం ఒక కారణం. రెండోది గొర్రెల పెంటిక. తర్వాతి కాలాల్లో ఈ గుహలో మందలు తోలారు. ఏళ్లతరబడి పేరుకున్న పెంటిక గట్టిపడి, కింద ఉన్నదాన్నంతా మూతపెట్టినట్టు కప్పేసింది.

తొట్టికి దగ్గర్లోనే మనుషుల్ని పూడ్చిన ఆనవాళ్లున్నాయి. మట్టికుండల్లో పెట్టిన పుర్రెలు దొరికాయి. పితృదేవతల కోసం చేసిన వైన్ కావచ్చునని తవ్వినవాళ్ల ఊహ. అది విన్నాక ఆ చీకట్లో నాకు భయం వెయ్యలేదు. పెద్దలకు పెట్టే రోజున మా ఊళ్లో విస్తరి పక్కన ముంతెడు కల్లు పెట్టే ఇళ్లు నాకు తెలుసు. పోయినవాళ్లకు ఇష్టమైనది పెట్టడం అనేది ఎంత పాత ఆచారమో ఆ కుండల ముందు నిలబడితే అర్థమైంది.

బయటికొచ్చి వాగు వెంట ఎనిమిది కిలోమీటర్లు పైకి వెళితే నొరవాంక్ మఠం. ఎర్రటి కొండల మధ్య తేనెరంగు రాతి గుళ్లు. అక్కడి రెండంతస్తుల చర్చి 1339లో పూర్తయింది, శిల్పి మొమిక్ చివరి పని. గోడలోంచి పొడుచుకొచ్చిన సన్నటి రాతి మెట్ల మీదుగా పై అంతస్తుకు ఎక్కాలి. ఆయనే 1321లో అరేని ఊళ్లోనూ ఒక చర్చి కట్టాడు. ఈ సీమలో ఎటు తిరిగినా శిలువ చెక్కిన రాళ్లుంటాయి. ఖచ్కార్లు అంటారు. వాటి మీద శిలువ కాళ్ల దగ్గర అల్లుకున్న తీగ, వేలాడే గుత్తి. ఆ శిల్పులు ద్రాక్షను చూసే చెక్కారు. ఆకు అంచు రంపపు పళ్లు కూడా లెక్కపెట్టొచ్చు.

సొంత వేరు

మధ్యాహ్నం తాతిక్ కొడుకు మమ్మల్ని తోటకు తీసుకెళ్లాడు. మహారాష్ట్ర ద్రాక్షతోటల్లోలా పందిళ్లు, నీడ ఉంటాయనుకున్నాను. ఇక్కడ రాళ్లు. మట్టి కంటే రాళ్లే ఎక్కువ. ఆ రాళ్ల మధ్య మెలికలు తిరిగిన మోడుల్లాంటి తీగలు, వాటికి చిన్నచిన్న నల్లటి గుత్తులు. ఒక పండు కోసి ఇచ్చాడు. తొక్క మందంగా పంటికి తగిలింది. ముందు తీపి, వెంటనే పులుపు, చివర గింజ కొరికితే వగరు.

ఆ మందపాటి తొక్కలోనే ఈ కొండ కథంతా ఉంది. ఇక్కడి తోటలు 1,000 నుంచి 1,400 మీటర్ల ఎత్తులో, కొన్ని అంతకు మించిన ఎత్తులో ఉంటాయి. పగలు నెత్తి మాడ్చే ఎండ, రాత్రి దుప్పటి కప్పుకునే చలి. ఎండ పండులో తీపి నింపుతుంది, చలి పులుపు పోకుండా కాపాడుతుంది. ఎత్తులో ఎండ తీక్షణత ఎక్కువ, దాన్ని తట్టుకోవడానికే పండు తొక్కను దళసరి చేసుకుంటుంది. రంగూ వగరూ ఉండేది తొక్కలోనే. నిదానంగా పండుతుంది కాబట్టి కోత సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో. శీతాకాలం వస్తే మంచు కప్పేస్తుంది. పక్కన అరారత్ మైదానంలోనైతే తీగలను వంచి మట్టి కప్పి, వసంతంలో మళ్లీ తవ్వి లేపుతారు.

ఆయన ఒక తీగను పట్టుకుని చూపించాడు. పాత మొదలు నుంచి వచ్చిన కొమ్మ వంగి నేలలోకి దిగి, రెండడుగుల అవతల మళ్లీ పైకి లేచింది. “దీనికి కొడుకు అది” అన్నాడు. మన మల్లెకూ దానిమ్మకూ తొక్కే నేలంటు లాంటిదే. ఇందులో విశేషమేమిటంటే, యూరప్‌లో చాలాచోట్ల ఈ పని చెయ్యడానికి వీల్లేదు. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే వేరుపురుగు అక్కడి తోటలను తుడిచిపెట్టింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతి వేరు మీద అంటుకట్టి బతికించుకున్నారు. ఈనాడు ప్రపంచంలో ఎక్కువ ద్రాక్ష అలా అరువు వేరు మీద నిలబడిందే. వయోత్స్ జోర్ లోయలకు ఆ పురుగు చేరలేదు. ఇక్కడి అరేని ఇంకా సొంత వేరు మీదే ఉంది. నేలంటు తొక్కుతూ, ఒక మొక్క నుంచి ఇంకొకటి, తెంపు లేకుండా వచ్చింది.

వయోత్స్ జోర్ అంటే ఆక్రందనల లోయ అని అర్థం. 8వ శతాబ్దంలో వచ్చిన పెద్ద భూకంపంతో ఆ పేరు వచ్చిందని చెబుతారు. అరబ్బులు, సెల్జుకులు, మంగోలులు, పర్షియన్లు, రష్యన్లు వచ్చారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి, నిండాయి. తీగ మాత్రం ఉన్నచోటే వంగి, పక్కన మళ్లీ లేచింది.

కుమ్మరి లేని కరాస్

కాని అన్నీ అంత అదృష్టవంతమైనవి కావు. ఈ మాట తోటలో కాదు, ఇంటికి తిరిగొచ్చి కరాస్ పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది.

కరాస్ అంటే కోడిగుడ్డు ఆకారంలో, అడుగు సన్నగా ఉండే నిలువెత్తు మట్టిపాత్ర. పెద్దవాటిలో వెయ్యి లీటర్లు పడుతుంది. తెలంగాణ పల్లెల్లో వడ్లకూ నీళ్లకూ వాడిన గోలెం చూసినవాళ్లకు దాని ఆకారం చెప్పక్కర్లేదు. గోలేన్ని మనం నేల మీద నిలబెడతాం, వీళ్లు మెడదాకా భూమిలో పాతుతారు. లోపలి గోడకు తేనెమైనం పూస్తారు. యెరెవాన్ శివారులో కార్మిర్ బ్లూర్, అంటే ఎర్రగుట్ట అనే చోట 1939 నుంచి జరిగిన తవ్వకాల్లో ఉరార్తు రాజ్యపు కోట బయటపడింది. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దం నాటిది. దాని కింద గదుల్లో వందల కొద్దీ కరాసులు వరసగా పాతి ఉన్నాయి, ఒక్కోదాని మీద ఎంత పడుతుందో బాణపు లిపిలో రాసి ఉంది. క్రీస్తుపూర్వం 401లో ఈ దేశం మీదుగా తన సైన్యంతో వెనక్కి నడిచిన గ్రీకు రచయిత జెనోఫోన్ కూడా ఇక్కడి పాత వైన్ల పరిమళాన్ని రాసిపెట్టాడు.

అంత పొడవైన దారి 20వ శతాబ్దంలో సన్నబడింది. సోవియట్ ప్రణాళికలో వైన్ పని జార్జియాకు, బ్రాందీ పని ఆర్మేనియాకు ఎక్కువగా అప్పజెప్పారు. యెరెవాన్‌లో 1887 నుంచీ బ్రాందీ కర్మాగారం ఉండనే ఉంది. తోటల పంటలో ఎక్కువ భాగం బట్టీలకు పోయింది. బ్రాందీకి కరాస్ అక్కర్లేదు. 1985లో గొర్బచేవ్ మద్యవ్యతిరేక ఉద్యమంలో తోటలే పీకించారు. 1991లో దేశం స్వతంత్రమయ్యాక భూములు చిన్నచిన్న చెక్కలుగా రైతుల చేతికొచ్చాయి, చేతిలో డబ్బు లేదు.

ఆ ఏళ్లన్నీ అరేని వైన్ ఎక్కడ బతికింది? ఇళ్లల్లో. ఇంటికి సరిపడా తొక్కుకుని, ఇంటి కరాస్‌లో పోసుకుని, పెళ్లికీ చావుకీ తీసుకున్నవాళ్ల నేలమాళిగల్లో. తీగ బతికింది, చేసే చెయ్యి బతికింది. తయారీ ఆగిపోయింది కరాస్‌దే. ఉన్నవాటితోనే ఇళ్లు సరిపెట్టుకున్నాయి. వెయ్యి లీటర్ల పాత్రను పగలకుండా మలిచి, ఆరబెట్టి, కాల్చే కుమ్మరికి గిరాకీ లేక, ఆ విద్య కొడుకులకు అందలేదు.

ఇటలీలో పెరిగిన జోరిక్ గరీబియన్ అనే ఆర్మేనియన్ 2000లో ఈ సీమలోనే రింద్ ఊరి దగ్గర 1,400 మీటర్ల ఎత్తున తోట వేశాడు. అరేని ద్రాక్షను కరాస్‌లోనే పెట్టాలని ఆయన పట్టుదల. కొత్త కరాసులు చేసేవాళ్లు దొరక్క, ఊరూరా తిరిగి ఇళ్లల్లో వాడకుండా పడున్నవి కొన్నాడు. కొన్నింటిని బయటికి తియ్యడానికి గోడలు కొట్టాల్సొచ్చింది. ఆయన జోరా వైనరీ మొదటి వైన్ 2010 పంటది. ఆ పాత్ర పేరుతోనే ‘కరాసి’ అని పిలిచాడు. అది బయటి దేశాల్లో పేరు తెచ్చుకున్నాక లోయలో మిగతావాళ్లకూ ధైర్యం వచ్చింది. 2009 నుంచి అక్టోబరు మొదటి శనివారం ఊళ్లో వైన్ పండగ చేస్తున్నారు. మేమున్న వారం ఊరంతా ఆ సందడే. వీధిలో చెక్క తొట్టెలు పెట్టి, పిల్లలూ పెద్దలూ పాంట్లు మడిచి ద్రాక్ష తొక్కుతున్నారు.

ఆ సందడి చూస్తూ కూడా నా ఆలోచన ఆ కుమ్మరుల దగ్గరే ఆగిపోయింది. ఒక విద్య పోతున్నప్పుడు చప్పుడు రాదు. వస్తువు ఇంకా ఇంట్లోనే ఉంటుంది, రోజూ కనిపిస్తూనే ఉంటుంది. చేసే చెయ్యి ఎప్పుడో పోయిందని అది పగిలిన రోజున తెలుస్తుంది.

నోట్లో వగరు, చేతికి ఎరుపు

సాయంత్రం వరండాలో బల్ల వేశారు. తొనీర్ పొయ్యి గోడకు కొట్టి కాల్చిన పల్చటి లవాష్ రొట్టెలు, మేకపాల జున్ను, తోటకూరలా గుప్పెడు పచ్చి ఆకులు. పొద్దున కరాస్‌లోంచి తోడిన వైన్‌ను చిన్న గ్లాసుల్లో పోశారు. వెలుతురుకు ఎత్తి చూస్తే దానిమ్మ గింజ రంగు. మరీ చిక్కన కాదు. మొదటి గుక్కకు వాక్కాయ పులుపు, వెనకే ఎర్రటి పండ్ల రుచి, మిరియపు చురుకు. మింగాక నేరేడు తిన్నట్టు నాలుక మీద సన్నటి వగరు. ఓక్ పీపాలో ఉంచిన వైన్‌కుండే వెనిలా కట్టె వాసన ఇందులో లేదు. మట్టి తన వాసన ఎక్కువ ఇవ్వదు, పండు వాసన తగ్గించదు. మట్టి సందుల్లోంచి పీల్చినంత గాలి చాలు, వైన్ మెత్తబడటానికి.

తాతిక్ గ్లాసెత్తి “కెనాత్స్ద్” అంది. నీ ప్రాణానికి అని అర్థం. మూడో గ్లాసు తాగేముందు ఆవిడ లేచి నిలబడింది, అందరూ నిలబడ్డారు. పోయినవాళ్ల కోసం అని మా అమ్మాయి నా చెవిలో చెప్పింది. ఎవరూ గ్లాసులు తాకించుకోలేదు. ఉప్పుగూడ రాళ్ల సంగతి అప్పుడు చెప్పాను. నా ఊళ్లో మీవాళ్లు పడుకుని ఉన్నారని. తాతిక్ కాసేపు ఏమీ అనలేదు. “వాళ్ల దగ్గర ద్రాక్ష ఉందా?” అని అడిగింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ అనే ద్రాక్ష విరివిగా పండేదని చెప్పాను. “అయితే సరే” అని కూర్చుంది.

అందరం మళ్లీ మారాన్‌కు దిగాం. కొత్త రసం కోసం కరాస్ కడగాలి. కొడుకు ముందు ఒక కొవ్వొత్తి వెలిగించి తాడుకు కట్టి లోపలికి దించాడు. ద్రాక్ష పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. గాలి కంటే బరువు, అడుగున నిలుస్తుంది. కొవ్వొత్తి ఆరిపోతే మనిషి దిగకూడదు. అది నిలకడగా వెలుగుతూ అడుగు దాకా దిగింది. అప్పుడు మనవడు చొక్కా విప్పి, కాళ్లు ముందు పెట్టి ఆ నోట్లోంచి లోపలికి జారాడు. పైన ఉన్నవాళ్లు వేడినీళ్ల గిన్నె, గరుకు బ్రష్ అందించారు.

పై నుంచి చూస్తే తల వెంట్రుకలే కనిపిస్తున్నాయి. లోపల బ్రష్ రుద్దే చప్పుడు, వాడు ఏదో పాట పాడుతుంటే మట్టి గోడలకు తగిలి పెద్దగా మోగుతున్న గొంతు. తాతిక్ అంచున కూర్చుని చూపుడువేలితో చూపిస్తూ చెబుతోంది, అడుగున మూల, భుజం కింద, ఇంకొంచెం. మొన్నమొన్నటిదాకా వాళ్ల నాన్న దిగేవాడట. ఇప్పుడు ఆయన భుజాలు పట్టవు. దీన్ని చేసిన కుమ్మరి ఎవరో తాతిక్‌కు తెలియదు. ఆవిడ కాపురానికి వచ్చేసరికే ఇది ఇక్కడ ఉంది.

మా ఇంట్లో గోలెం కడగడానికి దిగింది నేనే. ఏడెనిమిదేళ్లుంటాయి. దసరా ముందు నీళ్లన్నీ తోడేసి నన్ను దింపేవారు. లోపల నా గొంతు నాకే పెద్దమనిషి గొంతులా వినిపించేది. నాయనమ్మ పైనుంచి ఇదే వేలితో చూపించేది. తర్వాత నేను పట్నం వచ్చాను. ఇంట్లో ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది. ఆ గోలెం పెరట్లో మట్టి నింపుకుని తులసికోట పక్కన కొన్నాళ్లు ఉంది. దాన్ని చేసిన కుమ్మరాయన పేరు మా నాన్నకు తెలుసు. నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

పని అయిందని లోపల్నుంచి వాడు అరిచాడు. రెండు చేతులూ పైకెత్తాడు. వంగి ఒక చెయ్యి వాళ్ల నాన్న పట్టుకున్నాడు, రెండోది నేను పట్టుకున్నాను. వేడినీళ్లకు మెత్తబడిన అరచెయ్యి, గోళ్ల చుట్టూ ఎరుపు. బయటికి లాగాక కూడా నా వేళ్ల మీద ఆ రంగు మిగిలింది. తాతిక్ వంగి లోపలికి చూసి, తలాడించి, తన కొంగు లాంటి ఏప్రన్ చివరతో వాడి మొహం తుడిచింది. పైన వాకిట్లో తొక్కిన ద్రాక్షరసం ఎదురుచూస్తోంది.